సొంత ట్రాన్స్‌ఫార్మర్స్ కావాలని రాసే ముందు

పోయిన ఆదివారం మా గదిలో నలుగురం కూర్చుని ఒకే ఎస్సే రాశాం. టాపిక్ సృజనాత్మక ఆర్థిక వ్యవస్థ. గంటన్నర టైమ్ పెట్టుకున్నాం. జియా సరాయ్ గదులు ఎలా ఉంటాయో ఇక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. నలుగురు కూర్చుంటే ఒకరి పేపర్ ఇంకొకరి మోకాలి మీద ఉంటుంది. రాయడం అయ్యాక పేపర్లు మార్చుకుని దిద్దుకున్నాం. నాలుగింటిలో మూడు పేపర్ల చివరి పేజీలో దాదాపు ఒకే వాక్యం కనిపించింది. హాస్‌బ్రోకి ట్రాన్స్‌ఫార్మర్స్ ఉన్నట్టు, మాటెల్‌కి బార్బీ ఉన్నట్టు, భారత్ కూడా తన సొంత మేధో సంపత్తిని సృష్టించుకోవాలి అని. ఆ మూడింటిలో ఒకటి నాది.

నాలుగో పేపర్ కర్నూలు అన్నది. ఆయనకిది నాలుగో అటెంప్ట్. నా పేపర్ దిద్దింది ఆయనే. ఆ వాక్యం కింద గీత గీసి, "బాగుంది రా. ఎట్ల సృష్టిస్తావ్? రెండో లైన్ యాడుంది?" అన్నాడు. నా దగ్గర రెండో లైన్ లేదు. మిగతా ఇద్దరి దగ్గరా లేదు. యానిమేషన్, గేమింగ్ రంగాల టాస్క్‌ఫోర్స్ 2022 బడ్జెట్‌లో ప్రకటించారని, ముంబైలో జాతీయ సంస్థకి 2024 సెప్టెంబరులో కేబినెట్ ఆమోదం ఇచ్చిందని ముగ్గురం రాశాం. డేటా ఉంది. ఆ డేటాకీ ఈ వాక్యానికీ మధ్య ఏం జరగాలో ఎవరమూ ఆలోచించలేదు.

అప్పటి నుంచి నాకు ఆ రెండో లైన్ మీదే ధ్యాస. చదివిన కొద్దీ, ఆ మొదటి లైన్ నేను అనుకున్నంత అమాయకమైనది కాదనిపించింది. ఈ పోస్టు దాని గురించే.

ముందే చెప్పేస్తాను, ఆ సినిమా అంటే నాకు పిచ్చి. 2007లో ట్రాన్స్‌ఫార్మర్స్ వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మాది విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం, థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు ఎటునుంచి చూసినా కనిపించే ఊరు. థియేటర్లో చూడలేదు. మరుసటి ఏడాది వేసవి సెలవుల్లో మామయ్య వాళ్లింట్లో, బావ కంప్యూటర్‌లో చూశాను. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాలేదు. డొక్కు పసుపు కారు ఒకటి ఉన్నట్టుండి లేచి నిలబడింది, అది చాలు. ఏ భాగం ఎక్కడికి మడుచుకుంటోందో చూడాలని ఆ ముక్క వెనక్కి తిప్పి తిప్పి చూస్తుంటే బావ విసుక్కుని మౌస్ లాక్కున్నాడు. మెకానికల్ ఇంజనీరింగ్ ఎందుకు తీసుకున్నావని రేపు ఇంటర్వ్యూ బోర్డు అడిగితే చెప్పడానికి మంచి జవాబు ఒకటి రాసి పెట్టుకున్నాను. నిజమైన జవాబు మాత్రం ఆ పసుపు కారే.

అందుకే దాని పుట్టుక గురించి చదువుతుంటే కొంచెం కష్టంగానే అనిపించింది.

ఆ రోబోలు అమెరికాలో పుట్టినవి కావు. జపాన్‌కి చెందిన టకారా అనే బొమ్మల కంపెనీ డయాక్లోన్, మైక్రోమ్యాన్ అనే పేర్లతో మారే బొమ్మలు అమ్మేది. అమెరికా కంపెనీ హాస్‌బ్రో వాటిని చూసి, హక్కులు మాట్లాడుకుని, 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ అనే ఒకే పేరు కింద దించింది. బొమ్మలకి పేర్లు, స్వభావాలు, రెండు పక్షాల మధ్య యుద్ధం, ఈ కథంతా మార్వెల్ కామిక్స్ రచయితలతో రాయించింది. అదే ఏడాది టీవీలో కార్టూన్ మొదలైంది. మామూలుగా కథ పుడుతుంది, అది నచ్చితే బొమ్మ వస్తుంది. ఇక్కడ బొమ్మ ముందే గోడౌన్‌లో ఉంది, కథని దాని కోసం రాయించారు.

అలా చేయడం అంతకు పదిహేనేళ్ల ముందు అమెరికాలో అంత తేలిక కాదు. 1969లో మాటెల్ వాళ్ల హాట్ వీల్స్ బొమ్మ కార్ల పేరుతో ఒక కార్టూన్ వచ్చింది. ఇది కార్యక్రమం కాదు, అరగంట ప్రకటన అని పోటీ బొమ్మల కంపెనీ ఫిర్యాదు చేసింది. అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ ఫిర్యాదులో పస ఉందని, అందులో కొంత భాగాన్ని ప్రకటన సమయం కింద లెక్క రాయాలని చెప్పింది. 1980లలో రీగన్ హయాం వచ్చింది. ఎఫ్‌సీసీ ఒక్కొక్క నిబంధననే సడలిస్తూ వచ్చి, 1984లో టీవీ ప్రకటనల సమయం మీద ఉన్న పరిమితులను తీసేసింది. మాటెల్ బొమ్మ హీ-మ్యాన్ కార్టూన్ 1983లోనే మొదలైంది. ట్రాన్స్‌ఫార్మర్స్ ఆ వరసలో వచ్చింది. జీఎస్‌లో మనం నియంత్రణ సడలింపు అని ఒక హెడ్డింగ్ పెట్టి టెలికాం, విమానయానం ఉదాహరణలు రాస్తాం. ఇదీ ఆ కోవలోదే. ఇందులో వినియోగదారుడి వయసు ఎనిమిదేళ్లు, అంతే తేడా.

1986లో ఏం జరిగిందో చదివితే ఈ వ్యాపారం పూర్తిగా అర్థమవుతుంది. ఆ ఏడాది వచ్చిన యానిమేషన్ సినిమాలో నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ చనిపోతాడు. అతనితో పాటు పాత పాత్రలు చాలా పోతాయి. కథ అడిగిందని కాదు. 1984 నాటి బొమ్మల వరస అయిపోయింది, కొత్త వరసకి షెల్ఫులో చోటు కావాలి. థియేటర్లలో పిల్లలు ఏడ్చారు, తల్లిదండ్రులు కోపగించుకున్నారు. హాస్‌బ్రోదే ఇంకో బొమ్మ జీ.ఐ.జో సినిమాలో డ్యూక్ అనే పాత్రని కూడా చంపాల్సి ఉండగా, ఈ గొడవ చూసి కోమాలోకి వెళ్లాడని మార్చేశారు. 1987లో ఆప్టిమస్ మళ్లీ బతికొచ్చాడు. ఎథిక్స్ పేపర్‌కి కేస్ స్టడీ కావాలంటే ఇంతకన్నా మంచిది దొరకదు. పిల్లాడి దుఃఖం అక్కడ స్టాక్ క్లియరెన్స్‌లో భాగం. కానీ ఆ దుఃఖం ఉత్తుత్తిది కాదు, నిజమైనదే. ఆ పిల్లలు దాన్ని మరిచిపోలేదు. తర్వాత కథంతా దాని మీదే నడిచింది.

1984లో ఎనిమిదేళ్లున్న కుర్రాడికి 2007లో ముప్పై ఒకటి. చేతిలో జీతం ఉంది, కారు ఉంది, బహుశా చిన్న పిల్లాడూ ఉన్నాడు. మైకేల్ బే సినిమా అతని కోసం తీసింది. హీరో హైస్కూల్ కుర్రాడు, మొదటి కారు కొనుక్కోవాలని చూస్తుంటాడు. మూడు ఏ గ్రేడులు తెస్తే సగం డబ్బు నేను వేస్తానని నాన్న షరతు. ఈ ముక్క తెలుగులో చెబితే మన ఇళ్లలో జరిగినట్టే ఉంటుంది, కాకపోతే మనకి కారు బదులు సైకిల్. ఆప్టిమస్ గొంతు కోసం 1984 కార్టూన్‌లో చెప్పిన పీటర్ కల్లెన్‌నే మళ్లీ పిలిచారు. కొత్త పిల్లలకి అది ఏదో ఒక గొంతు. ముప్పై ఏళ్లవాడికి మాత్రం అది చనిపోయి తిరిగొచ్చిన మనిషి గొంతు. సుమారు 15 కోట్ల డాలర్లతో తీసిన సినిమా ప్రపంచమంతా కలిపి 70 కోట్ల డాలర్లు వసూలు చేసింది. గ్రాఫిక్స్ గొప్పవే, కాదనను. కానీ గ్రాఫిక్స్ ఒక్కదాంతోనే ఆ డబ్బు రాదు.

ఆ సినిమాలో ప్రకటన కూడా ఒక అంతస్తు పెరిగింది. కార్టూన్‌లో పసుపు బంబుల్‌బీ ఫోక్స్‌వాగన్ బీటిల్. సినిమాలో షెవర్లే కమారో. మంచివైపు రోబోల్లో నాయకుడిని వదిలేస్తే మిగతావన్నీ జనరల్ మోటార్స్ బళ్లే. ఆ కొత్త కమారో 2007లో షోరూముల్లో దొరికేది కాదు, 2009లో గానీ అమ్మకానికి రాలేదు. అంటే నేను వెనక్కి తిప్పి తిప్పి చూసింది ఇంకా తయారవని కారు ప్రకటన. (అదే 2009 జూన్‌లో జనరల్ మోటార్స్ దివాలా రక్షణ కోరింది, అదే నెలలో రెండో ట్రాన్స్‌ఫార్మర్స్ విడుదలైంది. ప్రకటన ఎంత బాగున్నా కంపెనీని కాపాడలేదన్నమాట.) యుద్ధ విమానాలు, సైనికుల విషయంలో అమెరికా రక్షణ శాఖ సహకరించింది. ఆ శాఖ స్క్రిప్టు చూశాకే సహకారం ఇస్తుంది. ఈ సినిమాని సాఫ్ట్ పవర్‌కి ఉదాహరణగా రాసేవాళ్లు ఈ సంగతి కూడా ఒక లైన్ రాస్తే బాగుంటుంది.

మరి మనకి అలాంటిది లేదా? ఉంది. అదీ మన హైదరాబాద్‌లోనే.

ఛోటా భీమ్. గ్రీన్ గోల్డ్ యానిమేషన్ అనే స్టూడియోని రాజీవ్ చిలక 2001లో హైదరాబాద్‌లో మొదలుపెట్టారు. 2008లో పోగో ఛానల్‌లో ఛోటా భీమ్ వచ్చింది. నా వయసు వాళ్లకి ఢోలక్‌పూర్, లడ్డూలు, చుట్కీ, కాలియా గురించి వివరించక్కర్లేదు. బొమ్మలు, స్కూలు బ్యాగులు, టిఫిన్ బాక్సులు, సొంత దుకాణాలు, సినిమాలు, నెట్‌ఫ్లిక్స్‌లో 2019లో మాటల్లేకుండా తీసిన చిట్టి భీమ్ దాకా వెళ్లింది. మన ఎస్సేల్లో అడుగుతున్న సొంత మేధో సంపత్తి అంటే ఇదే కదా. ఆ మూడు పేపర్లలో ఒక్కదాంట్లోనూ ఈ పేరు లేదు. హైదరాబాద్‌లో పుట్టినదాన్ని వదిలేసి ముగ్గురు తెలుగువాళ్లం అమెరికా ఉదాహరణ రాశాం.

2024 మే 31న ఛోటా భీమ్ మనుషులతో తీసిన సినిమాగా వచ్చింది. ఆ ఏడాది ఎన్నికల వల్ల ప్రిలిమ్స్ మే 26 నుంచి జూన్ 16కి జరిగింది గుర్తుంది కదా. అంటే పరీక్షకి పదహారు రోజులు. ఆ టైమ్‌లో సినిమాకి వెళ్లానంటే ఇంట్లో వాళ్లు ఊరుకోరు కాబట్టి ఇప్పటిదాకా చెప్పలేదు. పాలిటీ రివిజన్ చేసి చేసి తల దిమ్మెక్కి, నేనూ నా రూమ్మేటూ హౌజ్ ఖాస్‌లో మెట్రో ఎక్కి సాకేత్ వెళ్లాం. హాల్లో మా ఇద్దరితో కలిపి పదిమందికి మించి లేరు. మిగతావాళ్లు పిల్లల్ని తీసుకొచ్చిన తల్లిదండ్రులు. అనుపమ్ ఖేర్ గురువు వేషంలో ఉన్నాడు. కథ 2012లో యానిమేషన్‌లో వచ్చిన దమ్యాన్ కథే. సినిమా ఆడలేదు.

ఎందుకు ఆడలేదన్నదానికి అందరూ గ్రాఫిక్స్ అనే అంటారు. నేను అనను. నా లెక్క వేరు. 2008లో ఎనిమిదేళ్లున్నవాడికి 2024లో ఇరవై నాలుగు. మేమిద్దరం సరిగ్గా ఆ వయసు వాళ్లం. మాకు ఆ సినిమాలో ఏమీ లేదు. భీమ్ పెద్దవాడు కాలేదు. ఢోలక్‌పూర్ వదిలి ఎక్కడికో చదువుకోవడానికి వెళ్లలేదు, ఓడిపోలేదు, ఇంటికి ఫోన్ చేసి బాగానే ఉన్నానని అబద్ధం చెప్పలేదు. తెర మీదకి మనుషులొచ్చారు గానీ సినిమా ఇంకా ఆరేళ్ల పిల్లాడి కోసమే ఉంది. ఆ ఆరేళ్ల పిల్లాడికేమో అది టీవీలో, ఫోన్‌లో ఉచితంగా దొరుకుతోంది. టికెట్ కొనగలిగినవాడికి కథ లేదు, కథ ఉన్నవాడికి టికెట్ అక్కర్లేదు. ఇంటర్వెల్‌లో మా రూమ్మేట్ అన్న మాట ఒకటుంది: "మావా, మనం భీమ్‌ని చూడ్డానికి రాలేదు, ఎనిమిదేళ్లప్పటి మనల్ని చూసుకోడానికొచ్చాం." సినిమా ఎలా ఉందని తిరిగొచ్చాక కర్నూలు అన్న అడిగితే ఏమీ చెప్పలేకపోయాను.

అంతమాత్రాన ఆ స్టూడియో ప్రయత్నాన్ని చిన్నచూపు చూడలేను. హైదరాబాద్‌లో ఇంకో రకం కథ కూడా నడిచింది. లాస్ ఏంజెలెస్‌కి చెందిన రిథమ్ అండ్ హ్యూస్ అనే గ్రాఫిక్స్ కంపెనీకి హైదరాబాద్‌లో స్టూడియో ఉండేది. లైఫ్ ఆఫ్ పై సినిమాలో పులిని తయారుచేసిన కంపెనీ అది. 2013 ఫిబ్రవరిలో ఆ పనికి ఆస్కార్ వచ్చింది, అదే నెలలో అంతకు కొన్ని రోజుల ముందే కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. పులి వెంట్రుక వెంట్రుకకీ ప్రాణం పోసినవాళ్లకి పులి మీద హక్కు లేదు. చేసిన గంటలకి బిల్లు, అంతే. దీంతో పోలిస్తే తన పాత్రని తన పేరు మీదే ఉంచుకున్న స్టూడియో చాలా ముందుంది. మనం ఎస్సేలో నైపుణ్యాభివృద్ధి అని రాసి వదిలేస్తే, మంచి పులుల్ని తయారుచేసే కుర్రాళ్లు ఇంకో పదివేల మంది తయారవుతారు. పులి ఇంకొకడిదే.

ఇక్కడ కొంచెం చట్టం చూడాలి. జీఎస్ 3లో ఎలాగూ చదవాల్సిందే. బొమ్మ ఆకారానికి మన డిజైన్ల చట్టం, 2000 ఇచ్చే రక్షణ పదేళ్లు, ఇంకో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు. అయిపోతే అయిపోయినట్టే. సినిమాకి కాపీరైట్ విడుదల నుంచి 60 ఏళ్లు. ట్రేడ్‌మార్క్ అయితే పదేళ్లకోసారి రెన్యువల్ చేసుకుంటూ పోతే ఎప్పటికీ ఉంటుంది. ఇప్పుడు టకారా, హాస్‌బ్రో కథ మళ్లీ చదవండి. మడతపడే ఇంజనీరింగ్ కష్టమంతా ఒక చోట జరిగింది. ఎప్పటికీ నిలిచే పేరు ఇంకో చోట పెట్టారు. మెకానికల్ చదివినవాణ్ణి కాబట్టి నాకు ఇది నచ్చదు, కానీ వాస్తవం ఇదే.

ఈ లెక్కలో మా ఊరి పక్కన ఉన్న కొండపల్లి ఎక్కడుంటుందా అని ఆలోచించాను. మా ఇంటి నుంచి కొండపల్లి బొమ్మల కాలనీ సైకిల్ మీద వెళ్లే దూరం. తెల్ల పొణికి చెక్క కోసి, ఎండబెట్టి, చెక్కి, ముక్కలు అతికించి రంగులేస్తారు. దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు. జీఐ గుర్తింపు ఉంది. ఆ గుర్తింపు ఏం కాపాడుతుంది? కొండపల్లి అన్న పేరుని, ఆ చేతిపనిని. అది ఆ సమూహం మొత్తానిది, ఏ ఒక్కరిదీ కాదు. దశావతారాల కథ ఎవరి సొంతమూ కాదు, ఉండకూడదు కూడా. కాబట్టి కొండపల్లిని చూపించి ఇదిగో మన ట్రాన్స్‌ఫార్మర్స్ అని రాయడం తప్పు. అవి వేర్వేరు రకాల ఆస్తులు. ఏటికొప్పాక లక్క బొమ్మలకీ ఇదే మాట. 2020 ఆగస్టులో ప్రధాని మన్ కీ బాత్‌లో ఏటికొప్పాక గురించి, సి.వి.రాజు గారి కృషి గురించి చెప్పాక అందరి నోట్సుల్లోకి ఆ పేరు వచ్చింది. మంచిదే. బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరగడం, 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ గుర్తు తప్పనిసరి కావడం, చేతివృత్తుల వాళ్లకి, జీఐ ఉత్పత్తిదారులకి అందులో మినహాయింపు ఇవ్వడం, ఇవన్నీ బొమ్మ అనే వస్తువుకి సంబంధించిన చర్యలు. బొమ్మ వెనకున్న కథకి సంబంధించి మన విధానంలో ఇంత స్పష్టమైన అడుగు నాకు కనిపించలేదు.

ఇప్పుడు నేను సిగ్గుపడే ముక్క. నాకు ఆరేడేళ్లప్పుడు నాన్న కొండపల్లి నుంచి ఎడ్లబండి తెచ్చారు. నేను దాన్ని ముట్టుకోలేదు. నాకు బేబ్లేడ్ కావాలి. స్కూల్లో అందరి దగ్గరా ఉంది, కార్టూన్ నెట్‌వర్క్‌లో రోజూ వస్తోంది. బీసెంట్ రోడ్డులో నడిరోడ్డు మీద ఏడ్చి నకిలీది ఒకటి కొనిపించుకున్నాను. రెండు రోజుల్లో విరిగిపోయింది. మళ్లీ ఏడ్చాను. ఇన్నాళ్లకి ఈ ఎస్సే కోసం చదువుతుంటే తెలిసింది, బేబ్లేడ్ కూడా ఆ టకారాదే. బొమ్మా వాళ్లదే, దాన్ని అమ్మడానికి తీసిన కార్టూనూ ఆ బొమ్మ కోసమే. నాన్నకి పోటీగా నిలబడింది పక్కింటి పిల్లాడు కాదు, రోజూ సాయంత్రం అరగంట సేపు నాతో మాట్లాడే ఒక కంపెనీ. కొండపల్లి ఎడ్లబండి తరఫున నాతో రోజూ అరగంట మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు.

సొంత ట్రాన్స్‌ఫార్మర్స్ కావాలి అన్న వాక్యంలో మనకి తెలియకుండానే ఒప్పుకుంటున్న విషయం ఇది. ఆ సినిమా 2007లో సాధ్యం కావడానికి 1984లో ఎనిమిదేళ్ల పిల్లలకి అరగంట ప్రకటనని కథగా చూపించే అనుమతి ఒకరు ఇచ్చారు. అమెరికాలోనే దాని మీద ఉద్యమాలు జరిగి 1990లో పిల్లల టీవీ చట్టం వచ్చింది. ప్రకటనల నిమిషాల మీద మళ్లీ పరిమితి పెట్టారు. కానీ కార్టూన్ నడిచే సమయంలో అదే బొమ్మ ప్రకటన వేస్తేనే దాన్ని ప్రకటన-కార్యక్రమం అంటామని ఎఫ్‌సీసీ నిర్వచించింది. విరామంలో వేరే బొమ్మ ప్రకటన వేసుకుంటే సరిపోతుంది. గోడ కట్టి గేటు తెరిచి పెట్టినట్టయింది.

మన దగ్గర? కేబుల్ టీవీ నిబంధనలు, 1994 ప్రకారం ప్రకటనలు గంటకి 12 నిమిషాలు దాటకూడదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద కేంద్ర ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పిల్లల ప్రకటనలకి ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. వాళ్ల అనుభవలేమిని, అమాయకత్వాన్ని వాడుకోకూడదని అందులో ఉంది. పిల్లల కార్యక్రమాల మధ్యలో జంక్ ఫుడ్ ప్రకటనలు వేయకూడదనీ ఉంది. బాగుంది. ఇవన్నీ ప్రకటన వేరు, కార్యక్రమం వేరు అన్న ఊహ మీద నిలబడ్డాయి. కార్యక్రమమే ప్రకటన అయినప్పుడు ఏం చేయాలన్నది అందులో నాకు కనిపించలేదు.

ఈ వాదన వినిపిస్తే కర్నూలు అన్న ఊరుకోలేదు. "అయితే ఏం చేద్దామంటావ్? మన పిల్లోళ్లకి మనం అమ్మకపోతే జపానోడో అమెరికావోడో అమ్ముతాడు. నువ్వు బీసెంట్ రోడ్డులో ఏడ్చింది మనోళ్ల బొమ్మకైతే కాదు కదా" అన్నాడు. నిజమే. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పిల్లలకి కథలు కావాలి, కథలో ఉన్నవాళ్ల బొమ్మ చేతిలో ఉండాలనుకోవడం ఏ దేశంలోనైనా ఉంటుంది. మా అమ్మమ్మ గుడి తిరనాళ్లలో కొనిపెట్టిన ప్లాస్టిక్ హనుమంతుడి గద కూడా అలాంటిదే కదా. బొమ్మా కథా కలిసి ఉండడం నేరం కాదు. ఒక పాత్రని షెల్ఫు ఖాళీ చేయడానికి చంపాలా వద్దా అని నిర్ణయించేది బొమ్మల కంపెనీ అయినప్పుడు మాత్రం కథ చెప్పేవాడి చేతిలో ఏమీ ఉండదు.

కాబట్టి నా రెండో లైన్ ఇలా మారింది. ప్రభుత్వం యానిమేషన్ స్టూడియోకి డబ్బిస్తే, శిక్షణ పొందినవాళ్ల సంఖ్య కాకుండా, తయారైన పాత్ర మీద హక్కు ఎవరి పేరు మీద ఉందని అడగాలి. హక్కు మొత్తం బయటి కంపెనీకి వెళ్లే పని అయితే అది ఉపాధి కిందకి వస్తుంది, మేధో సంపత్తి కింద లెక్క రాయకూడదు. రెండోది, కార్టూన్ యజమానే బొమ్మ యజమాని అయినప్పుడు ఆ సంగతి తెర మీద పిల్లాడి తల్లిదండ్రులకి అర్థమయ్యేలా రాయాలి, ఆ కార్యక్రమం ముందూ వెనకా కూడా ఆ బొమ్మ ప్రకటన ఉండకూడదు. 2022 మార్గదర్శకాల్లో ఒక నిబంధన చేర్చితే సరిపోయే పని ఇది, కొత్త చట్టం అక్కర్లేదు. మూడోది విధానం కాదు, ఓపిక. 2007 సినిమాకి ఇరవై మూడేళ్లు పట్టింది. ఛోటా భీమ్‌కి 2024 నాటికి పదహారేళ్లే. టాస్క్‌ఫోర్సులు అయిదేళ్లలో ఫలితాలు చూపించమంటాయి, ఎనిమిదేళ్ల పిల్లాడు ముప్పై ఏళ్లవాడు కావడానికి పట్టే కాలాన్ని ఏ టాస్క్‌ఫోర్సూ తగ్గించలేదు.

నిన్న రాత్రి ఆ పేరా తిరిగి రాసి అన్నకి ఇచ్చాను. ఈసారి గీత గీయలేదు. "ఉదాహరణ బాగుంది, కానీ పన్నెండు వందల పదాల్లో దీనికే నాలుగొందలు పోయినాయి, మిగతా డైమెన్షన్లు ఎక్కడ రాస్తావ్?" అన్నాడు. వందకి కుదించాలి. ఆప్టిమస్ చావు తీసేయాలా, కొండపల్లి తీసేయాలా అని చూస్తున్నాను. మీరైతే ఏది తీస్తారో కింద రాయండి. ఎడ్లబండి ఇప్పటికీ మా ఇంట్లో టీవీ పైన ఉందట, ఒక ఎద్దు కొమ్ము విరిగిందని అమ్మ ఫోన్‌లో చెప్పింది. దసరాకి వెళ్లినప్పుడు కాలనీలో అతికించుకొస్తానన్నాను.